పెట్టొద్దు, కొట్టొద్దు: టొరంటో పెరట్లో రకూన్లతో ఒక రాత్రి

జూన్ మొదటి వారం. టొరంటోలో ఈ రోజుల్లో తొమ్మిది దాటితేగానీ చీకటి పడదు. ఈస్ట్ యార్క్‌లో, టేలర్ క్రీక్ లోయకి రెండు వీధుల ఇవతల ఉన్న ఒక పాత చిన్న ఇంటి వెనక డెక్ మీద మీరు కూర్చున్నారు. ఇంటివాళ్ళు తెలుగువాళ్ళు. వంటింటి కిటికీలోంచి రసం పోపు వాసన ఇంకా వస్తోంది. డెక్ దీపం ఆర్పేశారు. దూరంగా డాన్ వ్యాలీ పార్క్‌వే మీద కార్ల హోరు ఆగకుండా వినిపిస్తోంది.

"మాట్లాడకండి. ఆ మేపుల్ చెట్టునే చూస్తూండండి" అంటుంది ఇంటావిడ, గొంతు తగ్గించి.

చెట్టు కంచెకి అవతల ఉంది, పక్కింటివాళ్ళది. ఎప్పుడో గాలివానకి కొమ్మ విరిగిన చోట, రెండు నిలువుల ఎత్తులో తొర్ర పడింది. కాసేపు ఏమీ కనబడదు. తర్వాత తొర్రలోని నలుపు కొంచెం కదులుతుంది. ముందు ఒక ముక్కు, ఆ వెనక కళ్ళ మీద అడ్డంగా నల్లపట్టీ ఉన్న మొహం బయటికొచ్చి గాలి పీలుస్తాయి. తల్లి రకూన్. దానికేం తొందర లేదు. నడుము బయటికి లాక్కుని తలకిందులుగా దిగడం మొదలెడుతుంది. పిల్లి అయితే అలా దిగలేదు, వెనక్కి జారుతూ రావలసిందే. రకూన్ వెనక పాదాలు పూర్తిగా వెనక్కి తిరుగుతాయి. గోళ్ళు పైనుంచి బెరడుని పట్టుకుంటాయి కాబట్టి తల కిందికి పెట్టినా పట్టు జారదు.

దాని వెనకే పిల్లలు. ఒకటి, రెండు, మూడు, కాస్త ఆగి నాలుగోది. ఏప్రిల్లో పుట్టినవి. మూడు వారాలకి కళ్ళు తెరిచాయి, ఎనిమిది వారాలు నిండాక ఇప్పుడిప్పుడే తల్లి వెంట బయటికి వస్తున్నాయి. నాలుగోది సగం దిగి, బెరడుకి కరుచుకుపోయి కీచుమంటుంది. తల్లి కిందినుంచి గొంతులో సన్నగా గుర్రుమంటుంది, చుట్టూ తిరుగుతుంది, మళ్ళీ గుర్రుమంటుంది. పిల్ల దిగుతుంది.

ఇప్పుడు అయిదూ కంచె మీద ఉన్నాయి. మీకూ వాటికీ మధ్య పదిహేను అడుగుల గడ్డి. తల్లి మీవైపు చూస్తుంది. వీధి దీపం వెలుతురు పడి కళ్ళు పచ్చగా మెరుస్తాయి. లేవాలనిపిస్తుంది మీకు. ఇంటావిడ మీ చేతి మీద చెయ్యి వేస్తుంది. కదలకుండా కూర్చున్న మనిషితో దానికి పనిలేదు. పిల్లలున్న తల్లి దారికి అడ్డం నిలబడితేనే పేచీ.

తల్లి గడ్డిలోకి దిగింది. దాని చేతులు చూడండి. పాదాలనడం తప్పేమీ కాదు గానీ, చూస్తూంటే చేతులనే అనిపిస్తాయి. అయిదు వేళ్ళు, పొడుగ్గా, విడివిడిగా. కరెంటు పోయినప్పుడు వంటింటి గట్టు మీద అగ్గిపెట్టె కోసం తడిమే చెయ్యిలా, కళ్ళు ఎటో చూస్తూండగా వేళ్ళు గడ్డి వేళ్ళ మధ్య వెతుక్కుంటూ పోతున్నాయి. స్పర్శని గ్రహించే మెదడు భాగంలో చాలా మేర ఈ అరచేతుల కోసమే పనిచేస్తుంది. ఒక వానపాము దొరికింది. పక్షుల కోసం పెట్టిన నీళ్ళ పళ్ళెం దగ్గరికి తీసుకెళ్ళి ముంచి, తిప్పి తిప్పి చూసి తింది. తిండి కడుక్కుని తింటుందని చాలామంది అనుకుంటారు. శుభ్రం కోసం కాదది. తడిస్తే ఆ అరచేతుల చర్మం ఇంకా చురుగ్గా పనిచేస్తుంది. నీళ్ళలో తిప్పుతూ అది ఆ వస్తువుని చేతులతోనే చూస్తోందన్నమాట.

వెనక తలుపు తెరుచుకుంటుంది. ఆరు నెలలుందామని తణుకు నుంచి వచ్చిన ఇంటావిడ తల్లి, చేతిలో గిన్నెతో గడప మీద నిలబడింది.

"అయ్యో, నలుగురు పిల్లల తల్లే! చూడు, ఎలా వెతుక్కుంటోందో. మధ్యాహ్నం అన్నం మిగిలింది. ఆ మెట్టు మీద ఓ ముద్ద పెట్టొస్తా."

"వద్దమ్మా."

"కాకికి పెట్టమా? వీధి కుక్కకి పెట్టమా? ముద్దన్నానికి ఏం పోయిందే?"

"ఇవాళ మెట్టు మీద పెడతావు. రేపు అదే వేళకి వస్తుంది, ఎల్లుండి తలుపు గీకుతుంది. మనం ఇండియా వెళ్ళిన నెల్లాళ్ళూ అది పక్కింటి తలుపు గీకుతుంది. వాళ్ళు కర్ర తీసుకుంటారు. అప్పుడు దెబ్బలు తినేది అదే కదమ్మా?"

ఆవిడకి ఈ జవాబు రుచించదు. గిన్నె పట్టుకుని అక్కడే నిలబడుతుంది. కూతురు చెప్పింది మాత్రం నిజం. టొరంటోలో 2023 ఏప్రిల్ 1 నుంచి అడవి జంతువులకి తిండి పెట్టడం, అవి వచ్చేలా తిండి బయట వదిలేయడం నిబంధనలకి విరుద్ధం. నిబంధన లేకపోయినా కారణం మారదు. ఒక్క చోట రోజూ తిండి దొరికితే మామూలుగా ఎడంగా తిరిగే జంతువులు అక్కడ గుమికూడతాయి. ఒకదాని రోగం ఇంకోదానికి అంటుకుంటుంది. మనిషంటే ఉన్న బెదురు పోతుంది. బెదురు పోయిన రకూన్ మొదట పిల్లలకి ముద్దొస్తుంది, తర్వాత పెద్దవాళ్ళని భయపెడుతుంది, ఆఖరికి బోనులో పడుతుంది.

పది దాటింది. కుటుంబం ఇంటి పక్క సందులోకి మళ్ళింది. మీరు చెప్పులు విడిచి, ఇంట్లోంచి నడిచి, ముందుగది కిటికీ దగ్గరికి వెళ్ళండి. తెర కాస్త పక్కకి తీస్తే సందు కనబడుతుంది. గోడకి ఆనించి ఆకుపచ్చ బిన్ను ఉంది. తిండి చెత్త అంతా ఇందులోకే. ఈ నగరంలో మనుషులకీ రకూన్లకీ అసలు పోటీ దీని మూత దగ్గరే.

తల్లి వెనక కాళ్ళ మీద నిలబడి మూత అంచు తడుముతుంది. వేళ్ళు పిడి దగ్గరికి వెళతాయి. గుండ్రటి పిడి, తిప్పితేగానీ మూత రాదు. ఇదివరకటి బిన్నుల గొళ్ళెం రకూన్లకి ఒక లెక్క కాదు. అందుకే నగరపాలక సంస్థ సుమారు 3.1 కోట్ల కెనడా డాలర్లతో కొత్త బిన్నులు చేయించి 2016 నుంచి ఇంటింటికీ పంచింది. యార్క్ యూనివర్సిటీలో రకూన్ల తెలివిని పరిశీలించే సైకాలజీ ప్రొఫెసర్ సుజాన్ మెక్‌డొనాల్డ్, నమూనా బిన్నులని రకూన్ల ముందు పెట్టి పరీక్షించారు. లారీ చెయ్యి బిన్నుని ఎత్తి బోర్లించినప్పుడు గొళ్ళెం దానంతటదే విడేలా ఉంటుంది ఈ ఏర్పాటు. అయితే 2018లో టొరంటో స్టార్ విలేకరి ఒకావిడ ఇంటి దగ్గర ఒక రకూన్ బిన్నుని పడదోసి, పిడి తిప్పి తెరిచేసింది. ఆ సంగతి పత్రికలో వచ్చాక ఊరంతా నవ్వుకుంది.

కిటికీలోంచి చూడండి, మన తల్లి కూడా అదే పనిలో ఉంది. భుజం ఆనించి తోస్తోంది. బిన్ను కదలదు. గోడకి మేకు కొట్టి, సాగే తాడుతో బిన్ను నడుముకి చుట్టారు. పడకపోతే పిడి మీద బరువు పెట్టడానికి దానికి వీలు చిక్కదు. ఇంకోసారి తోస్తుంది, తాడుని పళ్ళతో పట్టి చూస్తుంది, వదిలేస్తుంది. ఒక పిల్ల తల్లిని చూసి తనూ మూతిని బిన్నుకి రాస్తుంది. లోపలినుంచి పెద్దగా వాసన కూడా రావడం లేదు. ఈ ఇంట్లో చేప ముళ్ళు, రొయ్యల తొక్కలు సంచిలో కట్టి ఫ్రీజర్లో పడేస్తారు. చెత్త లారీ వచ్చే రోజు పొద్దున్నే తీసి బిన్నులో వేసి, అప్పుడే బిన్నుని రోడ్డు మీదికి లాగుతారు. ముందురాత్రే బయట పెట్టి పడుకుంటే లారీ కంటే ముందు ఈ బృందం వస్తుంది.

అయిదూ వరసగా వీధిలోకి వెళ్ళిపోయాయి. ఎంత దూరం వెళతాయి? మెక్‌డొనాల్డ్ బృందం జీపీఎస్ పట్టీలు కట్టి చూసినప్పుడు, ఊరి రకూన్లు పెద్ద రోడ్లు దాటకుండా కొన్ని వీధుల మధ్యే తిరుగుతాయని తేలింది. అంటే ఈ తల్లి ఈ పేటదే. ప్రతి చూరూ, ప్రతి తొర్రా, ఏ డెక్ కింద ఎంత సందుందో దానికి తెలుసు.

తెల్లారింది. కాఫీ గ్లాసుతో పెరట్లోకి రండి. గోంగూర మడిలో ఒక్క ఆకు చెడలేదు. ఆగస్టులో మొక్కజొన్న పాలు పోసుకున్నాక అయితే ఇంత ప్రశాంతంగా ఉండదు. సెప్టెంబరు వచ్చేసరికి గడ్డిని చాప చుట్టినట్టు చుట్టేస్తాయి. గడ్డి మీద కోపం కాదది, కింద పెంకుపురుగుల తెల్లటి పిల్లపురుగులున్నాయని అర్థం. వేసవి చివర నెమటోడ్‌లనే కంటికి కనబడని పురుగులని నీళ్ళలో కలిపి నేలలో పోస్తే ఆ పిల్లపురుగులు చస్తాయి, రకూన్లు వేరే పెరడు చూసుకుంటాయి.

డెక్ చివర కట్టెల దొంతి పక్కన ఇంటావిడ ఆగిపోతుంది. "దగ్గరికి రాకండి." కట్టెల మీద నల్లటి రెట్టలు, వాటిలో చెర్రీ గింజలు. రకూన్లు ఒకే చోటుని మరుగుదొడ్డిలా ఎంచుకుని మళ్ళీ మళ్ళీ అక్కడికే వస్తాయి. ఈ విషయంలో మాత్రం ముచ్చట పనికిరాదు. వాటి పేగుల్లో ఉండే ఒక రకం ఏలికపాము గుడ్లు రెట్టలో బయటికొస్తాయి. అవి మనిషి కడుపులోకి పోతే పిల్లపురుగులు మెదడుదాకా వెళ్ళగలవు. మనుషులకి రావడం చాలా అరుదు, వస్తే మాత్రం చాలా చెడ్డది. మట్టిలో ఆడి వేళ్ళు నోట్లో పెట్టుకునే పసిపిల్లలకే ఎక్కువ ప్రమాదం. మనకి కలిసొచ్చేదేమిటంటే, గుడ్లు బయటపడిన వెంటనే అంటవు. అంటుకునే స్థితికి రావడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కాబట్టి కనబడిన రోజే తీసేయాలి.

ఆవిడ చేతులకి తొడుగులు, మొహానికి మాస్కు వేసుకుంటుంది. పొడిగా ఊడిస్తే దుమ్ము లేస్తుందని ముందు కాస్త తడుపుతుంది. పారతో తీసి రెండు సంచుల్లో కట్టేస్తుంది. తర్వాత పెద్ద గిన్నెతో మరిగే నీళ్ళు తెచ్చి ఆ చోట పోస్తుంది. బ్లీచింగ్‌కి ఈ గుడ్లు చావవు, మరిగే నీళ్ళకే చస్తాయి. పిల్లలాడే ఇసకపెట్టెకి మూత ఎప్పుడూ వేసే ఉంటుంది, ఈ కారణానికే.

ఎనిమిదిన్నర. ఎదురింటి ముందు, ఇళ్ళలో చేరిన జంతువుల్ని పంపించేవాళ్ళ వ్యాను ఆగింది. అందులోంచి ఒక కుర్రాడు దిగి పొడుగు నిచ్చెన చూరుకి ఆనిస్తున్నాడు. ఇల్లు ఒక గ్రీకు పెద్దాయనది. పదిరోజులుగా అటకమీద బరువైన అడుగుల చప్పుడు, పగలు సన్నటి కీచులు. మీరూ రోడ్డు దాటి వెళ్ళి నిలబడండి, ఎవరూ ఏమనరు.

కప్పు అంచు గోడని కలిసే మూలలో, చూరు కిందిపలక ఊడి, రెండు అరచేతుల వెడల్పు కన్నం ఉంది. దాని చుట్టూ నూనె మరకలా నల్లగా జిడ్డు, ఒకటి రెండు బూడిదరంగు వెంట్రుకలు. "ఇదే గుమ్మం" అంటాడు కుర్రాడు పైనుంచి.

"మూసేయ్ మరి" అంటాడు పెద్దాయన.

"ఇప్పుడు మూస్తే తల్లి బయటా పిల్లలు లోపలా ఉంటాయి. పిల్లల కోసం ఈ రాత్రికే మీ కప్పు పీకుతుంది."

"అయితే బోనులో పట్టి నలభై మైళ్ళ అవతల అడవిలో వదిలెయ్యి."

"అది కుదరదండీ. చట్టం ఒప్పుకోదు."

అవును, ఒంటారియోలో పట్టిన జంతువుని పట్టిన చోటికి ఒక కిలోమీటరు లోపలే వదలాలి. ఎక్కడో వదిలేస్తే దానికి అక్కడి తిండీ తెలియదు, నీడా తెలియదు, ఆ చోటుకి ముందే హక్కుదారులున్నారు. చాలా మట్టుకు చచ్చిపోతాయి. దానితోపాటు రోగం కూడా బండెక్కి వెళుతుంది. 2015 డిసెంబరులో టొరంటోకి పడమట హామిల్టన్‌లో రకూన్ల రేబిస్ బయటపడింది. పదేళ్ళకి పైగా ఆ రాష్ట్రంలో లేదనుకున్న రోగం అది. అప్పటినుంచి టీకా మందు నింపిన తియ్యవాసన పొట్లాలని చేతులతోనూ, హెలికాప్టర్లు, విమానాల నుంచీ జారవిడుస్తున్నారు. రకూన్లు వాటిని కొరికితే టీకా పడుతుంది. ఇంకో సంగతి, పట్టుకుపోయినా పెద్దాయనకి ఒరిగేదేమీ లేదు. కన్నం అలాగే ఉంటే వచ్చే వసంతానికి ఇంకో తల్లి చేరుతుంది. అద్దె లేని ఇల్లు ఎంతోకాలం ఖాళీగా ఉండదు.

కుర్రాడు అటకలోకి దూరాడు. దూది మూటల మధ్యనుంచి మందపాటి తొడుగులున్న చేతులతో ఒక్కొక్కదాన్నీ తీసి గుడ్డ పరిచిన పెట్టెలో పెడుతున్నాడు. మూడు పిల్లలు. నాలుగైదు వారాలుంటాయి, కళ్ళు తెరిచాయి గానీ ఎక్కడం రాదు. జూన్‌లో ఇంత చిన్నవా అని మీకు అనుమానం. మొదటి కాన్పు పోగొట్టుకున్న తల్లి ఆలస్యంగా మళ్ళీ ఈనుతుంది. పెట్టెలో వెచ్చటి పొట్లం ఒకటి పెట్టి, మూతకి చిన్న తోవ వదిలి, కన్నం బయట కప్పు మీద కట్టాడు. కన్నానికి ఇనప జాలీ తలుపు బిగించాడు. లోపలినుంచి తోస్తే తెరుచుకుంటుంది, బయటినుంచి తెరవడం కుదరదు.

"రాత్రికి తల్లి బయటికొస్తుంది. పిల్లలు పెట్టెలో అరుస్తాయి. ఒక్కొక్కదాన్నీ మెడ దగ్గర నోటకరుచుకుని ఇంకో గూటికి మోసుకుపోతుంది. దానికి నాలుగైదు చోట్లు తెలిసే ఉంటాయి. మీరు మాత్రం కిటికీ దగ్గర దీపాలు వేసి చూడొద్దు. రెండు మూడు రోజులాగి వస్తాను. చప్పుడు లేకపోతే తలుపు తీసేసి, మందపాటి ఇనప జాలీ మరలతో బిగిస్తాను."

పెద్దాయన తల పంకిస్తాడు. "నేనే చేసుకోవాలంటే?"

"తొందర లేకపోతే అటకలో పగలంతా దీపం వెలిగించండి, రేడియోలో మనుషులు మాట్లాడే కార్యక్రమం పెట్టండి. వెలుతురూ మాటలూ ఉన్న చోట పిల్లల్ని పెంచడం దానికి ఇష్టముండదు. కొన్ని రోజుల్లో తనే ఖాళీ చేస్తుంది. లేదా ఇంకో నెల ఓర్చుకుంటే పిల్లలకి నడక వచ్చి అందరూ కలిసి పోతారు. అప్పుడు మూసుకోండి."

ఇంతలో పక్కవీధి నుంచి ఒకావిడ కుక్కతో వస్తూ, పట్టపగలు పార్కు దగ్గర రకూన్‌ని చూశానని, దానికి రేబిసేమోనని కంగారు పడుతోంది. పగలు కనబడినంత మాత్రాన రోగమున్నట్టు కాదు. పాలిచ్చే తల్లికి రాత్రి తిండి చాలదు. కానీ తూలుతున్నా, మనుషులు దగ్గరికొచ్చినా కదలకుండా మత్తుగా కూర్చున్నా, కళ్ళలోంచి పుసి కారుతున్నా అది జబ్బే. టొరంటో రకూన్లలో డిస్టెంపర్ అనే జబ్బు అప్పుడప్పుడూ బాగా వ్యాపిస్తుంది. మనుషులకి అంటదు గానీ టీకా వేయించని కుక్కలకి అంటుతుంది. అలాంటిది కనబడితే దూరంగా ఉండి నగరపాలక సంస్థ నంబరు 311కి ఫోన్ చేస్తే చాలు. గాయపడినవాటికీ, తల్లి లేని పిల్లలకీ 1993 నుంచి టొరంటో వైల్డ్‌లైఫ్ సెంటర్ ఉంది. రకూన్ కరిచినా గీరినా మాత్రం సబ్బుతో బాగా కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, అది ఎంత ముద్దుగా ఉన్నా సరే. ఇక కుక్క ఉన్న ఇళ్ళలో రాత్రిపూట తలుపు తీసేముందు పెరటి దీపం వేసి, గట్టిగా రెండు మాటలు మాట్లాడి, ఒక నిమిషం ఆగడం మంచిది. తప్పుకోవడానికి దారి ఉంటే రకూన్ తప్పుకుంటుంది.

మళ్ళీ మన ఇంటి డెక్ మీదికి రండి. పెద్దావిడ మెట్టు మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. ఎదురింటి సంగతంతా విని, "అంటే దాన్ని చంపలేదు, తరమలేదు. ఇల్లు మార్పించారంతే" అంటుంది. ముద్ద పెట్టనివ్వలేదన్న అలక కొంత తగ్గినట్టే ఉంది.

ఆవిడ మాటలోనే ఉంది విషయమంతా. లక్షలాది మనుషులున్న ఈ నగరం లోయల్ని కలుపుకుని పెరిగింది. ఆ లోయల్లో వీటి పూర్వులు ముందునుంచే ఉన్నారు. రకూన్‌ని ప్రేమించక్కర్లేదు, పగ పట్టక్కర్లేదు. దానికి మన దగ్గర కావలసినవి తిండీ గూడూ. ఆ రెండూ దొరక్కుండా చేస్తే మన పెరడు దానికి నడిచి వెళ్ళే దారి మాత్రమే అవుతుంది. అలా నడిచి వెళ్ళనివ్వడమే సహవాసం.

ఈ సెప్టెంబరులో ఒక ఆదివారం నిచ్చెన వేసుకుని మీ చూరు చుట్టూ చూడండి. చలికాలంలో ఇవి పూర్తిగా నిద్రపోవు, గడ్డకట్టే రోజులు మాత్రం గూట్లో మునగదీసుకుని గడుపుతాయి. శీతాకాలం చివర జతకడతాయి, అరవై మూడు రోజులకి పిల్లలు. కాబట్టి అక్టోబరు లోపల మూసిన కన్నం మీకూ వాటికీ కూడా మేలు. మూసేముందు లోపల ఎవరూ లేరని నిర్ధారించుకోండి. కన్నానికి నలిపిన కాగితం కుక్కి రెండు మూడు రాత్రులు చూడండి, కదలకపోతే ఖాళీ అన్నట్టే. పొగగొట్టానికి జాలీ మూత వేయించండి, కప్పుకి ఆనిన కొమ్మలు కొట్టించండి, బిన్నుని గోడకి కట్టండి. ఒకరోజు పని. ఆ పని చేసిన ఇంటివాళ్ళకి బోనుతో ఎప్పటికీ అవసరం రాదు.